లెక్క అడిగే ఓపిక

అనకాపల్లి నుంచి మాడుగుల కొండల వైపు సాగే రోడ్డు మీద చోడవరం ఉంది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, చుట్టూ చెరకు తోటలు, పక్కనే గోవాడ షుగర్ ఫ్యాక్టరీ. ఉత్తరాంధ్రలో ఈ ఊరి పేరు వినని రైతు ఉండడు. నిన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతపు నూరేళ్ళ ఆర్థిక చరిత్ర చదివితే ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. కలిమి నిలకడ మీద వస్తుందా, అదను చూసి ఒక్క దెబ్బకు కొట్టుకొస్తే వస్తుందా? నిదానమే ప్రధానమని పెద్దలు ఏనాడో తేల్చేశారు. చరిత్ర చెప్పే జవాబు కూడా దానికి దగ్గరగానే ఉంది గానీ, ఆ సామెతలో లేని షరతు ఒకటి అందులో ఉంది. ఇక్కడ నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు ఓపికతోనే వేసుకున్నారు. అయితే తన సొమ్ము లెక్క తాను అడిగే హక్కు, అడిగే అలవాటు ఉన్నంతకాలమే ఆ ఓపిక ఫలించింది. ఆ అలవాటు పోయిన చోట ఓపిక పట్టినవాడూ, అత్యాశకు పోయినవాడూ ఒకే తీరున నష్టపోయారు.

ముందుగా చెరకు సంగతి చూడాలి. మూడు కళ్ళ ముచ్చెలు కోసి చాళ్ళలో నాటిన నాటి నుంచి గడ నరికే దాకా పది పన్నెండు నెలలు పడుతుంది. మొలక వచ్చాక కలుపు తీయాలి, ఎరువు వేయాలి, మొదళ్ళకు మట్టి ఎగదోయాలి. గడ ఎదిగాక గాలివానకు ఒరిగిపోకుండా ఆకులు మెలేసి జడచుట్లు కట్టాలి. తుఫాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే తోట నిండుగా ఉంటుంది కాబట్టి రైతు గుండె ఆ రెండు నెలలూ తోటలోనే ఉంటుంది. మదుపంతా ముందు, రాబడంతా ఏడాది చివర. మొక్క తోట నరికాక అదే మోడు నుంచి లేచే కార్శి తోటకు విత్తనం ఖర్చు ఉండదు. మొదటి ఏడు పెట్టిన మదుపు రెండో ఏడు కూడా అక్కరకొస్తుంది. అలాగని ఆ కార్శినే నాలుగైదేళ్ళు లాగితే దిగుబడి పడిపోతుంది, తెగుళ్ళు పేరుకుంటాయి. పాతదాన్ని ఎంతకాలం నిలబెట్టాలో, ఎప్పుడు దున్నేసి కొత్త మొక్క వేయాలో తెలిసిన రైతే చెరకులో మిగుల్చుకున్నాడు. అంటే చెరకు నేర్పిన ఓపికలో కాచుకోవడంతో పాటు ఏటా లెక్క చూసుకోవడం కూడా మొదటి నుంచీ ఉంది.

బెల్లం వంటలోనూ ఇదే పద్ధతి. గానుగాడిన రసాన్ని పెనంలో పోసి, సున్నం వేసి, పైకి తేలే మడ్డిని ఎప్పటికప్పుడు తీసేస్తూ, పాకం ముదిరే దాకా మంట చూసుకోవాలి. మంట ఎక్కువైతే మాడిపోతుంది. ముందే దించేస్తే దిమ్మ కట్టదు. ఆ దిమ్మలు చేరే అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని అతి పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు, తరాల పాటు నిలబెట్టుకున్న నాణ్యత వల్ల వచ్చింది. తర్వాత రంగు మీద మోజు పెరిగింది. పసుపు పచ్చగా మెరిసే దిమ్మకు యార్డులో రెండు రూపాయలు ఎక్కువ పలుకుతుందని పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలపడం మొదలైంది. ఆ రోజుకు ధర వచ్చింది. కానీ హైడ్రోస్ వేసిన బెల్లం నిల్వ ఉంటే రంగు తిరుగుతుంది, తినేవాడికి అనుమానం మొదలవుతుంది. ఈ రోజు రెండు రూపాయల కోసం రేపటి నమ్మకాన్ని ఖర్చు పెట్టడమే తొందర సంపాదనకు అసలు లక్షణం. కోట్ల రూపాయల కుంభకోణంలోనూ జరిగేది ఇదే.

రైతు ఏడాది ఓపిక వెనక అంతకంటే పెద్ద ఓపిక ఇంకొకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు చెరకు తోటల్ని ఊడ్చేసింది. దాని పని పట్టడానికి 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. వృక్ష శాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ అక్కడ పని చేశారు. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం, 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం వచ్చాయి. కోయంబత్తూరులో బార్బర్, ఆయనతో పాటు టి.ఎస్. వెంకట్రామన్ చెరకును రెల్లు జాతి గడ్డితో సంకరం చేయించి, 1918లో కో 205 అనే రకాన్ని రైతులకు ఇచ్చారు. ఒక కొత్త రకం సంకరం దగ్గర మొదలై రైతు పొలం చేరడానికి పదేళ్ళు, పన్నెండేళ్ళు పడుతుంది. వేల మొక్కల్లో పనికొచ్చేవి ఒకటో రెండో ఉంటాయి. ఆ పదేళ్ళ జీతాలూ ఖర్చులూ ఏ వర్తకుడూ భరించడు, ప్రభుత్వం భరించింది. నూరేళ్ళు దాటినా అనకాపల్లి కేంద్రం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఇంకా పని చేస్తూనే ఉంది. ఒక మనిషి ఓర్పు ఫలించాలంటే దాని అడుగున ఒక సంస్థ ఓర్పు ఉండాలని ఈ చరిత్ర రుజువు చేస్తుంది.

తొందర మాట ఎలా ఉంటుందో అదే చక్కెర చరిత్రలో చూడొచ్చు. జావా నుంచి వచ్చే చౌక చక్కెరకు అడ్డుకట్టగా 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ కల్పించింది. అప్పటికి దేశంలో ముప్పై పైచిలుకు మిల్లులు ఉంటే, ఐదారేళ్ళలో వాటి సంఖ్య 130 దాటింది. డబ్బున్న ప్రతివాడికీ చక్కెర మిల్లు బంగారు గనిలా కనిపించింది. 1936–37 నాటికి చక్కెర గుట్టలు పడి ధర కూలింది. మిల్లు యజమానులు 1937లో షుగర్ సిండికేట్‌గా ఏర్పడి అమ్మకాల మీద కట్టుబాట్లు పెట్టుకోవాల్సి వచ్చింది. లాభం కనబడిన చోటికి అందరూ ఒకేసారి పరుగెత్తితే ఆ లాభమే మాయమవుతుంది. ముందు వెళ్ళినవాడు తిన్నది వెనక వచ్చినవాడి జేబులోంచి పోతుంది. ఆ పరుగులో చెరకు పండించిన రైతుకు మిల్లు చెప్పిందే ధర, మిల్లు తూచిందే తూకం.

ఆ రోజుల్లోనే ఈ నేల మీద ఇంకో దారి తెరుచుకుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో 1933లో రైతులే వాటాదారులుగా సహకార చక్కెర మిల్లు పుట్టింది. దేశంలోని తొలి సహకార చక్కెర మిల్లుల్లో దాన్ని లెక్కిస్తారు. మహారాష్ట్రలో అందరూ ఉదాహరణగా చెప్పే ప్రవర సహకార మిల్లు 1950లో గానీ రాలేదు. ఆ తర్వాత అనకాపల్లి పక్కన తుమ్మపాల, పాయకరావుపేట దగ్గర తాండవ, 1960ల్లో చోడవరం కోసం గోవాడ మిల్లు తోడయ్యాయి. గోవాడ లాంటి తర్వాతి మిల్లులకు నేల 1948 చట్టం సిద్ధం చేసింది. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి, సాగు చేసే రైతు పేరున పట్టా వచ్చింది. పట్టా ఉన్నవాడికే పరపతి, పరపతి ఉన్నవాడికే వాటా. గోవాడ మిల్లులో సభ్యులైన రైతుల సంఖ్య కాలక్రమేణా ఇరవై వేలు దాటింది. వీరిలో చాలామంది ఒకటి రెండు ఎకరాల వాళ్ళు. విడివిడిగా ఏ ఒక్కరూ ఒక బాయిలర్ కూడా కొనలేరు. వాటా ధనం, చెరకు బిల్లులోంచి మినహాయింపులు, సహకార బ్యాంకుల అప్పు, ప్రభుత్వ వాటా కలిసి మిల్లుగా నిలబడ్డాయి. ఎకరం ఉన్నవాడికీ, పదెకరాలు ఉన్నవాడికీ మహాజన సభలో ఒకటే ఓటు. చిన్న రైతు ఓపికకు కాపలా ఉన్నది ఆ ఓటే.

అలా కూడిన సొమ్ము ఆడంబరంగా కనిపించదు. చెరకు బిల్లు చేతికొచ్చిన ఏడు ఒక బోరు, మరో ఏడు పెంకుటింటి మీద శ్లాబు, ఇంకో ఏడు పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు. చక్రవడ్డీ లెక్క కూడా ఇలాగే నెమ్మదిగా పని చేస్తుంది. నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఏడాదికి 8 శాతం రాబడితో ఇరవై ఏళ్ళు దాస్తే, కట్టింది 2 లక్షల 40 వేలు, చేతికొచ్చేది సుమారు 5 లక్షల 89 వేలు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. మొదటి పదేళ్ళకు పోగయ్యేది 1 లక్ష 83 వేలే. మిగతా 4 లక్షల పైచిలుకు రెండో పదేళ్ళలో వస్తుంది. అంటే పదో ఏట విసుగెత్తి ఆపేసినవాడు కష్టమంతా పడి, ఫలం దగ్గరకొచ్చాక వదిలేసినట్టే. ఇదే లెక్కను తిప్పి చూస్తే మోసం కూడా దొరికిపోతుంది. ఏడాదికి 12 శాతం వడ్డీతో సొమ్ము రెట్టింపు కావడానికి ఆరేళ్ళు పడుతుంది. రెండేళ్ళలో రెట్టింపు చేస్తామనేవాడు ఏటా 40 శాతానికి పైగా రాబడి తేవాలి. చెరకు మిల్లు గానీ, బ్యాంకు గానీ, నిజాయితీగా నడిచే ఏ వ్యాపారం గానీ ఏటేటా, అందరికీ అంత తీసివ్వలేదు. అలాంటి మాట విన్నప్పుడు ఆ రాబడి ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

ఆ ప్రశ్న వేయనివ్వకపోవడమే డిపాజిట్ల వ్యాపారం నేర్చిన విద్య. 1990ల్లో దక్షిణాదిలో టేకు మొక్కల కంపెనీలు వచ్చాయి. ఇప్పుడు వేలు కడితే చెట్టు ఎదిగాక లక్షలన్నాయి. తర్వాత ఈము పక్షుల పెంపకం అన్నారు. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సంస్థ నెలవారీ కంతులు కట్టించుకుని, గడువు తీరాక స్థలం గానీ వడ్డీతో సొమ్ము గానీ ఇస్తానంది. 2014–15 నాటికి చెల్లింపులు ఆగి కేసులు నమోదయ్యేసరికి, పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయల దాకా వసూలైందని తేలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పది వేల రూపాయల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టిన వారికి ఖజానా నుంచి డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. ఇక్కడ మోసపోయిన వారిని అత్యాశపరులని తోసిపుచ్చడం అన్యాయం. వాళ్ళలో కూలీలు, చిన్న దుకాణదారులు, ఆడపిల్ల పెళ్ళికని నెలనెలా కొంత దాచుకున్న తల్లులు ఉన్నారు. ఏళ్ళ తరబడి కంతు తప్పకుండా కట్టారు. వాళ్ళలో ఓపికకు లోటు లేదు. లేనిదల్లా సంస్థ లెక్కలు చూసే వీలు. డబ్బు తీసుకున్నది ఊళ్ళో మనిషో, వరసకు బంధువో అయిన ఏజెంటు. ఆయన ముఖం చూసి కట్టారు గానీ సంస్థ బ్యాలెన్స్ షీట్ చూసి కట్టలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఓపిక పట్టమని చెప్పడం తేలికే, రేపటి ఆసుపత్రి ఖర్చుకు గతి లేనివాడు ఇరవై ఏళ్ళు ఎలా కాచుకుంటాడు? ఇది న్యాయమైన ప్రశ్న. చెరకు సీజన్‌లో నరుకుడు కూలీకి పని నాలుగైదు నెలలే. అతనికి చక్రవడ్డీ పాఠం చెప్పి చేతులు దులుపుకోవడం మర్యాద కాదు. కానీ దీనికి జవాబు కూడా తెలుగు నేల మీదే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 నాటి సారా వ్యతిరేక పోరాటం వేడి ఆరకముందే, అదే జిల్లాలో ఆడవాళ్ళు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. అది పొదుపు లక్ష్మిగా, డ్వాక్రా సంఘాలుగా రాష్ట్రమంతా అల్లుకుంది. రోజుకు రూపాయి దాచగలిగిన పేదరాలు ఆరు నెలల్లో సంఘం అప్పుకు, ఆపై బ్యాంకు అప్పుకు అర్హురాలైంది. సంఘంలో పది పదిహేను మంది. పుస్తకం అందరి ముందూ రాస్తారు, తీర్మానం అందరూ వింటారు, సంతకాలో వేలిముద్రలో అందరివీ పడతాయి. అవసరానికి చిన్న అప్పు అందుబాటులో ఉంటే పేదవాడు కూడా నిలకడగా దాచుకోగలడు. పేదరికం ఓపికకు శత్రువే, సందేహం లేదు. పక్కన అప్పు ఇచ్చే చెయ్యి, ముందర తెరిచిన పుస్తకం ఉంటే ఆ శత్రువును గెలవొచ్చని సంఘాలు చూపించాయి.

రెండో అభ్యంతరం భూమి గురించి. విశాఖ నగరం పెరిగి, హైవేలు వెడల్పై, ఫార్మా, సెజ్ పరిశ్రమలు అచ్యుతాపురం, పరవాడ వైపు రావడంతో పొలం అమ్మినవాళ్ళు ఒక్క రిజిస్ట్రేషన్‌తో లక్షాధికారులయ్యారు. ముప్పై ఏళ్ళు చెరకు పండించినా అంత రాలేదు కదా అంటారు. నిజమే. అయితే ఆ ధర పలికిన పొలం తాత ఎండనకా వాననకా నిలబెట్టుకున్నది, తండ్రి అప్పుల్లోనూ అమ్మకుండా కాపాడుకున్నది. చివర్లో ఒక్క రోజులో కనిపించింది రెండు తరాల నిబ్బరానికి ధర. ఆ డబ్బు కారుకో, ఆడంబరానికో, మళ్ళీ వేరొకరి వెంచర్‌లో ప్లాట్లకో పోయిన ఇళ్ళకూ, బ్యాంకులోనో, చదువులోనో, మరో చోట సాగుభూమిలోనో పెట్టుకున్న ఇళ్ళకూ తేడా పదేళ్ళకు తెలుస్తుంది. ఇక రియల్ ఎస్టేట్ పరుగు కూడా 1932 నాటి మిల్లుల పరుగు లాంటిదే. మొదట కొన్నవాడి లాభాన్ని చూసి చివర కొన్నవాడు అప్పు చేస్తాడు. గెలిచినవాళ్ళ పేర్లు అందరికీ వినిపిస్తాయి. ఓడినవాళ్ళ వడ్డీ వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. మీరు మెచ్చుకున్న సహకార మిల్లుల గతి ఏమైంది? తుమ్మపాల ఆగింది, ఏటికొప్పాక ఆగింది, తాండవ ఆగింది. ఉమ్మడి విశాఖ జిల్లాలోని నాలుగింటిలో ఆ మూడూ మూతపడ్డాక గోవాడ ఒక్కటే మిగిలి, అదీ బకాయిల భారంతో కుంగుతూ వచ్చింది. తోలిన చెరకుకు డబ్బు రాక రైతులు, జీతాలు రాక కార్మికులు ధర్నాలకు కూర్చున్నారు. విసిగినవాళ్ళు చెరకు తీసేసి సరుగుడు, నీలగిరి తోటలు వేసుకున్నారు. మరి ఓపిక పట్టి ఏం బావుకున్నట్టు? దీనికి కారణాలు రెండు రకాలు. మొదటి రకం రైతు చేతిలో లేనివి. తీర ప్రాంతపు చెరకులో చక్కెర శాతం మహారాష్ట్ర చెరకు కంటే తక్కువ. కేంద్రం 2024–25కు ప్రకటించిన క్వింటాలుకు 340 రూపాయల ధర 10.25 శాతం రికవరీకి, అంటే చెరకు నుంచి దిగే చక్కెర శాతానికి, లెక్కగట్టింది. రికవరీ 9.5 శాతం లోపే ఉన్న చోట అది 315 రూపాయల దగ్గర ఆగింది. చక్కెర కనీస అమ్మకం ధర 2019లో కిలో 31 రూపాయలకు చేరింది గానీ, ఆ తర్వాత చెరకు ధర పెరిగినన్ని సార్లు పెరగలేదు. పాత యంత్రాలతో ఒక్క చక్కెర మీదే ఆధారపడిన చిన్న మిల్లుకు ఈ లెక్కలో మిగులు ఉండదు.

రెండో రకం కారణం మాత్రం మన చేతిలోదే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఈ హక్కు కాగితం మీద దశాబ్దాలుగా ఉంది. దాన్ని పట్టుబట్టి అడిగిన సీజన్లు తక్కువ. సహకార మిల్లుల ఎన్నికలు పార్టీల ఎన్నికలయ్యాయి, ఎన్నికలు లేనప్పుడు అధికారులే పాలకవర్గాలయ్యారు. మహాజన సభ అంటే ఆడిట్ నివేదిక చదివే రోజన్న సంగతి పక్కకుపోయి, ఎవరి మనిషి కుర్చీలో ఉన్నాడన్నదే చర్చ అయింది. అగ్రిగోల్డ్ డిపాజిటరుకు లెక్క చూసే దారి లేదు. సహకార రైతుకు దారి ఉంది, నడవడం తగ్గింది. ఫలితం మాత్రం ఇద్దరికీ ఒకేలా వచ్చింది. ఇద్దరూ తమకు రావాల్సిన డబ్బు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. కాబట్టి మిల్లులు మూతపడటం ఓపిక దండగ అనడానికి సాక్ష్యం కాదు. అడగకుండా కాచుకోవడాన్ని ఓపిక అనుకున్నందుకు కట్టిన మూల్యం అది.

ఇది చేయి దాటిపోయిన కథ కూడా కాదు. 2019లో కేంద్రం అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం తెచ్చింది. చిట్టీలకు 1982 చట్టం ఉంది, రిజిస్ట్రార్ ఉన్నారు. డ్వాక్రా సంఘాల పుస్తకాలు ఇప్పటికీ పది మంది మధ్యే తెరుచుకుంటున్నాయి. చోడవరం ప్రాంతపు రైతుకూ, కూలీకీ, ఉద్యోగికీ చెప్పవలసింది ఇంతే. ఎక్కడ డబ్బు పెట్టినా ముందు మూడు సంగతులు అడగండి. ఈ రాబడి ఏ పని చేస్తే వస్తోంది? లెక్కలు ఎవరు తనిఖీ చేస్తున్నారు? ఇవ్వకపోతే ఏ చట్టం కింద, ఎవరిని అడగాలి? ఈ మూడింటికీ జవాబు లేని చోట రూపాయి కూడా పెట్టకండి. జవాబు ఉన్న చోట ఇరవై ఏళ్ళయినా నిలకడగా కట్టండి. మీరు సభ్యులైన ఏ సంఘమైనా, మిల్లయినా, పరపతి సొసైటీ అయినా మహాజన సభ నోటీసు వస్తే పొలం పని ఒక్కపూట మానుకుని వెళ్ళండి. ఆడిట్ నివేదిక గట్టిగా చదివించండి, అర్థం కాని అంకె దగ్గర ఆపించి అడగండి.